దానియేలు కోరిన పరీక్ష

చదువవలసిన భాగములు: దానియేలు 1:8–16, యెషయా 38:1–5, 21



ఈ నెల పాఠము వంటయింటిని గూర్చినది. సంఘ పత్రికలో ఉప్పు మాట, ఊరగాయ మాట ఎందుకని కొందరు అనుకొనవచ్చును. అయితే మన సంఘములలో పక్షవాతము వచ్చి మంచమెక్కిన వారిని, చూచుచుండగానే గుండె ఆగిపోయిన వారిని ఒక్కసారి తలంచుకొనుడి. వారిలో అనేకులకు రక్తపు పోటు ఉండెను. కొందరికి అది ఉన్నదనియే తెలియదు. కొందరు తెలిసియు మాత్రలు మానివేసిరి. ఈ రెండవ తరగతి వారిని గూర్చియే మేము ఎక్కువగా చింతించుచున్నాము.

మేమెరిగిన ఒక సంఘపెద్ద కలడు. యాబది యేండ్లు దాటిన వాడు, మంచి గాయకుడు, ఆదివారము పాట ఎత్తుకొనువాడు ఆయనయే. బి.పి. ఉన్నదని డాక్టరు చెప్పగా రెండేండ్లు మాత్రలు వాడెను. తల తిరుగుట లేదు, నొప్పి లేదు, ఒళ్లు తేలికగానే యున్నది. అంతట ఉజ్జీవ కూటములలో ప్రార్థన చేయించుకొని, స్వస్థత కలిగినదని సాక్ష్యము చెప్పి మాత్రలు మానెను. ప్రతి ఉదయము మునగాకు రసము త్రాగుచు, అదియే చాలునని నలుగురికి చెప్పుచుండెను. ఆయన దొంగమాట చెప్పలేదు. తనకు బాగుగా ఉన్నదని నిజముగా నమ్మెను. ఎనిమిది నెలలు గడచిన పిమ్మట ఒక తెల్లవారుజామున కుడి చేయి, కుడి కాలు పడిపోయెను. మాట తడబడెను. ఇప్పుడు మాట కొంత తిరిగి వచ్చినది గాని కీర్తనల పుస్తకము పట్టుకొనలేడు. భార్య ప్రక్కన కూర్చుండి పుటలు త్రిప్పును. మేము చూడబోయినప్పుడు ఆయన మాతో, "నాకే నొప్పీ లేదండి అయ్యగారూ, అదే నన్ను మోసం చేసింది" అనెను. ఆ ఎనిమిది నెలలలో ఒక్కనాడైనను బి.పి. చూపించుకొంటిరా అని అడిగితిమి. లేదనెను.

ఈ వ్యాధి ఎట్టిదో కొంచెము తెలిసికొందము. పొలములో మోటారు వేసినప్పుడు నీరు గొట్టము గోడలను నెట్టునట్లు, గుండె కొట్టుకొనునప్పుడెల్ల రక్తము నాళముల గోడలను నెట్టును. ఈ నెట్టుడునే రక్తపు పోటు అందురు. దానిని రెండు అంకెలతో చెప్పుదురు: గుండె ముడుచుకొనునప్పటి పోటు పై అంకె, సడలునప్పటి పోటు క్రింది అంకె. 120కి 80 లోపల ఉండుట మంచిది. వేరువేరు దినములలో చూచినప్పుడు పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, అంతకు మించి గాని యున్నయెడల రక్తపు పోటు హెచ్చినదని డాక్టర్లు చెప్పుదురు. నేల అడుగున గొట్టము లోలోపల పాడగుచున్నను పైరుకు నీరు అందుచునే యుండును. పగిలిన నాడు గాని రైతునకు తెలియదు. మెదడు, గుండె, మూత్రపిండములు, కండ్లు ఇట్లే లోలోపల చెడిపోవును. తలనొప్పి లేదు గనుక బి.పి. లేదనుట ఎంతమాత్రమును సరికాదు.

ఇప్పుడు దానియేలు యొద్దకు రండి. అతడును అతని స్నేహితులు ముగ్గురును రాజు భోజనము వద్దని, శాకములును నీళ్లును కోరిరి. వారు అది కోరినది ఆరోగ్యము కొరకు కాదు, అపవిత్రులు కాకుండుటకే. ఆ మాట మరువకూడదు. అయినను అతడు ఆ అధికారితో మాటలాడిన విధము చూడుడి. మా మాట నమ్ముము అని అనలేదు. పది దినములు మమ్మును పరీక్షించి, ఆ మీదట మా ముఖములను ఇతరుల ముఖములతో పోల్చి చూచి, కనుపించిన దానిని బట్టి చేయుమనెను. తన ఆహారమును తానే పరీక్షకు పెట్టెను. మన పెద్దగారి మునగాకు రసమునకు ఈ పరీక్ష జరుగలేదు.

ఆహారము వలన రక్తపు పోటు తగ్గునా? తగ్గును. ఇది పుకారు కాదు, పరీక్షలో నిలిచిన సంగతి. 1997లో అమెరికా దేశములో 459 మందికి ఎనిమిది వారములపాటు వేరువేరు భోజనములు పెట్టి చూచిరి. కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు, ముడి ధాన్యములు, పప్పులు, గింజలు ఎక్కువగాను, క్రొవ్వు, తీపి తక్కువగాను తినిన వారిలో రెండు వారములకే పోటు దిగనారంభించెను. అంతకుముందే పోటు హెచ్చుగా ఉన్నవారికి, ఆ దేశపు సాధారణ భోజనము తినినవారి కంటె పై అంకె సుమారు 11 తగ్గెను. ఈ పరీక్షలో ఉప్పు తగ్గింపలేదు, బరువు తగ్గనియ్యలేదు. తరువాత 2001లో ఉప్పును కూడ తగ్గించి చూడగా పోటు ఇంకను దిగెను.

ఇక ఉప్పు సంగతి. ఉప్పు చెడ్డదని మేము చెప్పుట లేదు. మన ప్రభువే తన శిష్యులను ఉప్పుతో పోల్చెను (మత్తయి 5:13). ఉప్పు లేని చప్పిడి దానిని ఎవరు తినగలరని యోబు అడిగెను (యోబు 6:6). ఆ ప్రశ్నకు మన ఆంధ్ర, తెలంగాణ ఇండ్లలో జవాబు చెప్పనక్కరలేదు! ఉప్పు మితిమీరినప్పుడు శరీరము నీటిని పట్టి ఉంచును, నాళములలో ఒత్తిడి పెరుగును. మూత్రపిండములు ఆ ఉప్పును వెళ్లగొట్టుటకు కష్టపడును. బ్రెజిల్ అడవులలో యానోమామి అను జనులు కలరు. వారు భోజనములో ఉప్పు కలుపుకొనరు. అనేక దేశములలో జరిపి 1988లో ప్రకటించిన పరిశోధనలో, వయస్సు పెరిగినను వారికి రక్తపు పోటు పెరుగుట లేదని కనబడెను. పెద్దవయస్సు వచ్చినది గనుక బి.పి. రాక తప్పదని మనవారు చెప్పుకొను మాటను దీనితో పోల్చి చూచుకొనుడి.

పెద్దవారికి దినమునకు 5 గ్రాముల లోపల ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా ఒక టీ చెంచాడు, గోపురము లేకుండ. ఇంటిలో దీనిని తూచుట ఎట్లు? అమ్మలారా, ఒక సులభమైన లెక్క చెప్పుచున్నాము. నలుగురు పెద్దవారున్న ఇంటికి దినమునకు 20 గ్రాములు. కిలో ఉప్పు పొట్లము 50 దినములు రావలెను. పొట్లము విప్పిన తేదీని దాని మీదనే వ్రాసి పెట్టుడి. నెల తిరుగకముందే అయిపోయినదా, మితము దాటినట్లే. ఆవకాయలో పోసిన ఉప్పును కూడ ఈ లెక్కలోనే వేయవలెను. కారము, ఆవపిండి, ఉప్పు దాదాపు సమపాళ్లుగా కలిపెదము గదా. వేసవిలో జాడీకి ఎంత ఉప్పు పట్టినదో మీకే తెలియును.

ఊరగాయ, ఊరమిరపకాయ, అప్పడము, వడియము, ఉప్పుచేప, ఎండు రొయ్యలు, అంగడి మిక్చరు: ఈ ఏడింటిలోను ఉప్పు ఎక్కువగా దాగియున్నది. పూర్తిగా మానుమని చెప్పినచో ఎవరును వినరు, మేమును వినము. ప్రతి పూట వేసికొను ఊరగాయను వారమునకు రెండు పూటలకు తెచ్చుకొనుడి. అన్నము వండునప్పుడు ఉప్పు వేయకుడి. మజ్జిగలో వేయకుడి. భోజనపు బల్ల మీద ఉప్పు గిన్నె పెట్టకుడి. కూరలో మెల్లమెల్లగా తగ్గించుచు, నిమ్మరసము, చింతపండు, మిరియము, జీలకఱ్ఱ, వెల్లుల్లి, కొత్తిమీరతో రుచి తెచ్చుకొనుడి. మొదట చప్పగా ఉండును. కొన్ని వారములకు నాలుక అలవాటు పడును. సైంధవ లవణమైతే హాని లేదని కొందరు చెప్పుచున్నారు. అదియు ఉప్పే, పైగా అయోడిను కలిపిన ఉప్పు మానుట మంచిది కాదు. వంట సోడాలో కూడ సోడియము కలదు.

సోడియము తగ్గించి పొటాషియము కలిపిన ఉప్పు పట్టణపు అంగళ్లలో దొరకును. చైనాలో 600 పల్లెలలో దానిని సుమారు అయిదేండ్లు వాడించి చూడగా, మామూలు ఉప్పు వాడినవారి కంటె పక్షవాతము 14 శాతము తక్కువగా వచ్చినదని 2021లో తెలిసినది. అయితే మూత్రపిండముల జబ్బు ఉన్నవారు, బి.పి. మాత్రలు వాడుచున్నవారు డాక్టరును అడుగకుండ దానిని వాడకూడదు. ఎండలో కూలిపని చేయువారు ఉప్పు బొత్తిగా మానరాదు. కూరలో మితముగా ఉన్నది చాలును, నీళ్లు మాత్రము బాగుగా త్రాగవలెను.

తోటకూర, మునగాకు, సొరకాయ, బీరకాయ, అరటిపండు, జామపండు, పెసలు, కందిపప్పు, జొన్నలు, రాగులు ఇవి మన పల్లెలో దొరకునవే. అమెరికావారి పరీక్ష మన పెరటిలో మొలచునది అని చెప్పవచ్చును. పెద్దగారు త్రాగిన మునగాకులో తప్పు లేదు. అదొక్కటే చాలునని, కొలువనక్కరలేదని తలంచుటలోనే తప్పున్నది.

బరువు ఎక్కువ ఉన్నవారు కిలో తగ్గిన కొలది పై అంకె సుమారు ఒక్కటి తగ్గును. పొలము పని లేనివారు దినమునకు అరగంట చొప్పున వారమునకు అయిదు దినములైనను వడిగా నడువవలెను. చుట్ట, బీడి, ఖైనీ మానవలెను. సారాయి, బ్రాందీ పోటును పెంచును. పౌలు తిమోతికి ద్రాక్షారసము కొంచెము పుచ్చుకొమ్మని వ్రాసిన వచనము (1 తిమోతి 5:23) మరి ఏ వచనమును రానివారికి కూడ కంఠతా వచ్చును! అది కడుపు జబ్బుకు చెప్పినది, బి.పి.కి కాదు. నిద్ర కూడ అవసరము. అలసి చావు కోరుకొనిన ఏలీయాకు దేవుడు మొదట నిద్రను, రొట్టెను, నీళ్లను ఇచ్చెను. మాట తరువాత వచ్చెను (1 రాజులు 19).

ఇంతవరకు చదివినవారు, అట్లయిన మాత్రలెందుకని అడుగుదురు. లెక్క వేసి చూడుడి. పై అంకె 145 ఉన్నవానికి ఆహారము వలన 10 తగ్గినచో 135 అగును; డాక్టరు చూచి, కొంతకాలము మాత్ర లేకుండనే గమనింతమని చెప్పవచ్చును. 180 ఉన్నవానికి అదే 10 తగ్గినచో 170. అది ఇంకను అపాయమే. ఈ భేదము కొలిచిన గాని తెలియదు. ఆకు మందులైతే హాని లేదను మాటయు నమ్మకుడి. సర్పగంధి వేరు పోటును తగ్గించునని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోసు అను వైద్యులు 1931లోనే వ్రాసిరి. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ దానిని లోకమంతటికి తెలియజేసెను. అది నిజముగా పనిచేసినది. అయితే దానినుండి తీసిన మందు వలన కొందరికి తీవ్రమైన దిగులు కలిగెను. ఆకైనను వేరైనను మాత్రయైనను, మోతాదు తెలిసినవాడు చూడవలెను.

హిజ్కియా మరణకరమైన రోగముతో ఏడ్చి ప్రార్థించెను. దేవుడు ఆ ప్రార్థన విని పదునైదు సంవత్సరముల ఆయుష్షు ఇచ్చెదనని సెలవిచ్చెను. అయినను ఆ వాగ్దానము తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టుమని చెప్పెను. రాజు, వాగ్దానము వచ్చినది గదా, ముద్ద ఎందుకని త్రోసివేయలేదు. సేవకులైన అయ్యగార్లకు, అమ్మగార్లకు మా మనవి: రోగుల కొరకు ప్రార్థించుడి, చేతులుంచుడి, మాత్రలు మానుమని మాత్రము ఎవరికిని చెప్పకుడి. స్వస్థత కలిగినదని ఎవరైనను చెప్పినచో దేవుని స్తుతించి, ఆస్పత్రిలో చూపించుకొని రమ్మనుడి. స్వస్థత నిజమైనచో యంత్రము దానిని కాదనదు. మాత్ర తగ్గించుట, మానుట డాక్టరు చెప్పవలసినది.

ఉపవాస దినములలో పలువురు మాత్రలు కూడ మానుచున్నారు. నీళ్లతో మాత్ర మ్రింగుట ఉపవాసమును చెరుపదని మేము తలంచుచున్నాము. నీరు పోవుటకు ఇచ్చిన మాత్రలు గాని షుగరు మాత్రలు గాని వాడువారు ఉపవాసమునకు ముందే డాక్టరును అడుగవలెను.

బి.పి. చూపించుకొనుటకు అరగంట ముందు టీ, కాఫీ, పొగాకు వద్దు. మూత్రమునకు పోయి వచ్చి, వీపు ఆనించి అయిదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండవలెను. చేయి గుండె ఎత్తులో ఉంచి, మాటలాడక, రెండుసార్లు చూపించుకొనవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో దీనికి రుసుము లేదు. మూతి ప్రక్కకు పోయినను, ఒక చేయి పడిపోయినను, మాట తడబడినను పసరు పోయుటకు గాని, ప్రార్థన కూటము ముగియు వరకు గాని ఆగకుడి. వెంటనే 108కి ఫోను చేయుడి. నాళములో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించు మందు నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. దారిలో ప్రార్థించుకొనవచ్చును.

ఆ పెద్దగారి సంఘములో యువజనులు చందాలు వేసికొని బి.పి. యంత్రము కొనిరి. నెలకొకసారి ఆరాధన ముగిసిన పిమ్మట నర్సు పని చేయు సహోదరి ఒకామె అందరికి చూచుచున్నది. మొదటి కుర్చీలో ఆయనయే ఎడమ చేయి చాపి కూర్చుండును. ఆయన భార్య నోటు పుస్తకములో అంకెలు వ్రాయును.