ఆకలి లేని చేపకు ఎర: సాల్మన్ గాలం వెనుక సైన్స్

వానాకాలంలో సముద్రం నుంచి గోదావరి ఎర్రనీటికి ఎదురీదుతూ వచ్చే పులస మనకు తెలుసు. ఉత్తర అమెరికా పడమటి తీరాన కొలంబియా, ఫ్రేజర్ వంటి నదుల్లో సాల్మన్, స్టీల్‌హెడ్ చేపలదీ అలాంటి ప్రయాణమే. ఇవి నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికి చేరతాయి. అక్కడ చాలామంది వీటిని గాలంతో, లోహంతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన కృత్రిమ ఎరలతో పడతారు. ఈ ఎరలనే ‘లూర్’లు అంటారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. నదిలోకి వచ్చిన పసిఫిక్ సాల్మన్ దాదాపుగా తిండి మానేస్తుంది. ఒంట్లోని కొవ్వుతోనే ప్రయాణం సాగించి, గుడ్లు పెట్టాక చనిపోతుంది. స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి వెళ్లి వచ్చే రెయిన్‌బో ట్రౌటే. అది నదిలో అప్పుడప్పుడు తింటుంది. గుడ్లు పెట్టాక బతికి, తిరిగి సముద్రానికి వెళ్లేవీ వీటిలో ఉంటాయి.

మరి ఆకలి లేని చేప ఎరను ఎందుకు కరుస్తుంది? పాత వేట అలవాటు, తన చోటుకు వచ్చినదాన్ని తరిమికొట్టే స్వభావం కారణాలు కావచ్చని భావిస్తారు. కారణం ఏదైనా, అది ఎరను వెతుక్కుంటూ దూరం రాదు. ఎరే దాని ముందుకు వెళ్లాలి. అందుకే లూర్ ఎంపికలో మొదట చూడాల్సినవి లోతు, వేగం. రంగు సంగతి ఆ తరువాత.

చేప ఎక్కడ ఆగుతుంది?

నది పైభాగంలో నీరు వడిగా, నేల దగ్గర రాళ్ల రాపిడి వల్ల నెమ్మదిగా పారుతుంది. శక్తిని ఆదా చేసుకునే చేప నేలకు దగ్గరగా, బండరాళ్ల పక్కన, వడినీరు నిదాననీరు కలిసే అంచుల్లో నిలుస్తుంది. కాబట్టి ఎర నేలకు జానెడో మూరెడో ఎత్తులో సాగాలి. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి మారుతుంది. నీరు 5 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరైతే కదలికలు మందగిస్తాయి. అప్పుడు ఎరను ఎంత నెమ్మదిగా నడిపితే అంత మంచిది. 10 డిగ్రీల దగ్గర చేప కాస్త చురుగ్గా వెంటపడుతుంది.

మూడు రకాల ఎరలు

స్పిన్నర్: తీగ చుట్టూ గిరగిర తిరిగే రేకు. గుండ్రటి రేకు నెమ్మది నీటిలోనూ తిరిగి బలమైన ప్రకంపనలు పుట్టిస్తుంది. సన్నటి ఆకు ఆకారపు రేకు వడినీటికి నప్పుతుంది. చేప ఒంటికి రెండు వైపులా ఉండే పార్శ్వరేఖ ఈ ప్రకంపనలను పసిగడుతుంది. రేకు తిరగడానికి సరిపడేంత వేగంతోనే దారం చుట్టాలి.

స్పూన్: చెంచా తలలా వంపు తిరిగిన లోహపు రేకు. అమెరికాలో జూలియో బ్యూల్ 1852లో దీనికి పేటెంట్ పొందాడు. మందపాటి స్పూన్ త్వరగా మునుగుతుంది కాబట్టి లోతైన మడుగులకు పనికొస్తుంది. పలుచటిది ఎక్కువగా ఊగుతుంది, లోతు తక్కువ చోట్లకు మంచిది. నదికి అడ్డంగా విసిరి, ప్రవాహమే దాన్ని విల్లులా వంపుగా తిప్పేలా వదలాలి.

ప్లగ్: ముందు చిన్న పలక ఉన్న చేప ఆకారపు ఎర. నీరు ఆ పలకను నెట్టడంతో ఎర ముక్కు కిందికి వంగి లోతుకు దిగుతుంది. పడవను ప్రవాహం కంటే నెమ్మదిగా దిగువకు జారనిస్తే, దారానికి కట్టిన ప్లగ్ అటూ ఇటూ కొట్టుకుంటూ చేప మీదికి వెళుతుంది. తప్పుకోవడమో, కరవడమో చేప తేల్చుకోవాలి.

రంగు, వాసన

స్వచ్ఛమైన నీరు ఎరుపు కాంతిని ముందుగా పీల్చుకుంటుంది. ఆకులు నాని రంగు మారిన, బురద కలిసిన నదిలో నీలికాంతే ముందు తగ్గిపోతుంది, ఎరుపు, నారింజ మిగులుతాయి. మంచినీటి చేపల కంటిలో విటమిన్ ఎ2తో తయారైన వర్ణకం ఎక్కువ. అది ఎరుపు వైపు కాంతిని బాగా పట్టుకుంటుంది. నదికి వచ్చే సాల్మన్ కంటిలోనూ ఈ వైపుగా మార్పు జరుగుతుంది. అందుకే నీరు మసకగా ఉంటే మెరిసే నారింజ, పసుపుపచ్చ రంగుల్లో పెద్ద ఎర, తేటగా ఉంటే రాగి, నలుపు వంటి అణకువ రంగుల్లో చిన్న ఎర వాడతారు.

సాల్మన్ తన పుట్టిన వాగును వాసనతోనే గుర్తిస్తుంది. 1950లలో కెనడా పరిశోధకులు మనిషి చేతులు కడిగిన నీటిని వాగులో కలిపినప్పుడు, ఎదురీదే సాల్మన్ కాసేపు వెనకాడాయి. చర్మంలోని సెరైన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణమని తరువాత తేలింది. ఎర ముట్టే ముందు చేతులు కడుక్కోవడం, తొడుగులు వేసుకోవడం ఉత్త ఆచారం కాదు.

కొక్కెం కూడా ఎంపికలో భాగమే

కొలంబియా పరీవాహకంలో 13 సాల్మన్, స్టీల్‌హెడ్ సమూహాలు అమెరికా అంతరించే జాతుల చట్టం రక్షణలో ఉన్నాయి. హేచరీలలో పెంచిన పిల్లలకు వీపు చివరనుండే చిన్న కొవ్వు రెక్కను కత్తిరించి వదులుతారు. చాలా నదుల్లో ఆ రెక్క లేని చేపనే ఇంటికి తీసుకెళ్లవచ్చు. రెక్క ఉంటే అది అడవి చేప, వదిలేయాలి.

వదిలిన చేప బతకాలంటే మూడు మొనల కొక్కెం తీసేసి, వెనక్కి తిరిగిన ముల్లు లేని ఒంటి కొక్కెం పెట్టాలి. అది త్వరగా ఊడివస్తుంది, గాయమూ చిన్నది. తడి చేతులతోనే పట్టుకోవాలి, పొడి చేయి ఒంటిమీది జిగురుపొరను తుడిచేస్తుంది. వీలైనంతవరకు చేపను నీటిలోనే ఉంచాలి. నీరు 20 డిగ్రీలకు చేరితే ఆక్సిజన్ తగ్గి, అలసిన చేప తేరుకోవడం కష్టమవుతుంది. ఆ రోజు గాలం వేయకపోవడమే మేలు. నదిని బట్టి నియమాలు మారతాయి కనుక వాటిని ముందే చూసుకోవాలి. వదిలేసిన ఆ ఆడచేప కడుపులో వేల గుడ్లు ఉంటాయి.