గుండె బలమునకు మాత్రలు, పొడులు: ఎవరికి అవసరము? ఎంతవరకు?

వరి నాటిన రెండు మొదలు నాలుగు వారములలో ముదురు ఆకులపై ఇటుక రంగు మచ్చలు పడి, పైరు గిడసబారి, పిలకలు తొడగనిచో అది జింకు లోపమని రైతులు సులభముగ గుర్తింపగలరు. అట్టి చేనికి లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు కలిపి, అయిదు రోజుల ఎడముతో రెండు మూడు సార్లు పిచికారి చేసినచో పైరు కోలుకొనును. చూచువారికి మంత్రము వేసినట్లే ఉండును. జింకు చాలినంత ఉన్న పక్క చేనికి అదే మందును అదే మోతాదున చల్లినచో ఒక్క గింజయు అదనముగా రాదు. మందు ఖర్చు, కూలి ఖర్చు మాత్రము మీద పడును. జింకు మంచిదా, చెడ్డదా అను ప్రశ్నకు అర్థము లేదు. ఈ నేలలో అది తక్కువగా ఉన్నదా, లేదా అన్నదే ప్రశ్న.

గుండెకు, ఒంటికి బలమని నేడు అమ్ముచున్న మాత్రలను, పొడులను కూడ ఇదే కంటితో చూడవలెను. చేపనూనె గొట్టములు, విటమిను బిళ్ళలు, మాంసకృత్తుల డబ్బాలు మందుల అంగళ్ళలోనే కాక, ఫోనులలో వచ్చు ప్రకటనల ద్వారా, బంధువులను చేర్పించు అమ్మకపు పథకముల ద్వారా పల్లెలలోని ఇండ్లకు చేరుచున్నవి. ఇట్టి పోషక పదార్థముల డబ్బాలపై, ఇది ఔషధముగ వాడుటకు కాదు అను అర్థము వచ్చు వాక్యము ముద్రింపవలెనని మన దేశమున నియమము కలదు. ఆ వాక్యము సాధారణముగా ఇంగ్లీషులో ఉండును. మీ ఇంట చదువుకొను పిల్లలచేత ఒకసారి చదివించుకొని చూడుడు.

లోపమున్నచోట కలుగు మేలు

లోపమున్నవారికి ఈ పదార్థములు చేయు ఉపకారము సామాన్యమైనది కాదు. 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలోని మిల్లు కార్మిక స్త్రీలు గర్భవతులైనప్పుడు వారికి వచ్చు ఒక విధమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారము తినిపించినచో అది కుదురుచున్నదని కనుగొనెను. అందలి గుణకారి పదార్థమే ఫోలిక్ ఆమ్లము. దానిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు ఆరోగ్య ఉపకేంద్రములలో గర్భిణీ స్త్రీలకు ఉచితముగ ఇచ్చు ఇనుప మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు వాడవలసిన ఈ మాత్రలను మలము నల్లబడుచున్నదనియు, వికారము కలుగుచున్నదనియు గూటిలో పడవేసి, వందల రూపాయలు పోసి బలపు పొడి డబ్బా కొను ఇండ్లు ఉన్నవి. ఇది ఎంతమాత్రము తగదు. మలము నల్లబడుట సహజము. వికారముగ ఉన్నచో ఆ సంగతి ఆరోగ్య కార్యకర్తకు చెప్పవలెను. మాత్రను టీతో మ్రింగరాదు; టీ ఇనుమును ఒంటికి పట్టనీయదు.

ఉప్పులో అయొడిను కలుపుటయు ఇట్టిదే. 1956లో హిమాలయ ప్రాంతమున కాంగ్రా లోయలో రామలింగస్వామిగారు, వారి సహచరులు కొన్ని ప్రాంతములకు అయొడిను కలిపిన ఉప్పును, ఒక ప్రాంతమునకు మామూలు ఉప్పును ఇచ్చి పోల్చి చూచిరి. అయొడిను అందినచోట గొంతువాపు బాగుగా తగ్గెను. అచ్చటి నేలలో, నీటిలో అయొడిను లేదు, లేనిదానిని ఇచ్చిరి, ఫలితము కనబడెను.

మన పల్లెలలో నేడు ఎక్కువగా గమనింపవలసిన లోపము మరియొకటి కలదు. అది బి 12 విటమినుది. ఇది పప్పులలోగాని, కూరలలోగాని లభింపదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసము, చేపలలో ఉండును. పాడి రైతులకు ఇది క్రొత్త సంగతి కానక్కరలేదు. పశువులకు పెట్టు ఖనిజ లవణ మిశ్రమములో కోబాల్టు ఉండుట దీని కొరకే. ఆ కోబాల్టుతో పశువు పొట్టలోని సూక్ష్మజీవులు బి 12ను తయారుచేయును. మనకు ఆ సదుపాయము లేదు. మాంసము ముట్టక, పాలను కేంద్రమునకు పోసి ఇంట చుక్క మిగుల్చుకొననివారికి, చక్కెర వ్యాధికి చాలకాలముగా మెట్‌ఫార్మిను మాత్ర వాడువారికి ఈ లోపము రావచ్చును. కాళ్ళు తిమ్మిరులెక్కుట, నీరసము, మతిమరుపు కనబడినచో రక్తపరీక్ష చేయించుకొని వైద్యుడు చెప్పినట్లు మాత్రయో, సూదిమందో వాడవలెను.

లోపము లేనిచోట ఏమి జరిగెను?

ఆకుకూరలు, పండ్లు బాగుగా తినువారికి గుండె జబ్బులు, కాన్సరు తక్కువగా వచ్చుచున్నవని పాశ్చాత్య శాస్త్రజ్ఞులు చాలకాలము క్రిందటనే గమనించిరి. అందలి బీటా కెరోటినును, విటమిను 'ఇ'ని మాత్రలుగా చేసి ఇచ్చినచో అదే మేలు కలుగునని ఆశించిరి. ఆశ న్యాయమైనదే. కాని సకాలమున ఎరువు వేయు రైతు సకాలమున కలుపును కూడ తీయును, నీరు కూడ పెట్టును. అతని దిగుబడి దేనివలన పెరిగినదో ఊరక చూచి చెప్పజాలము. కాబట్టియే పరిశోధన స్థానమున ప్రతి మందుకు ప్రక్కన ఏమియు వేయని మడి ఒకటి ఉంచెదము. మనుష్యుల విషయమునను అట్లే సగముమందికి మాత్ర, సగముమందికి మాత్రవలె కనబడు ఉత్త బిళ్ళ ఇచ్చి చూచిరి.

ఫిన్లండు దేశమున పొగత్రాగు పురుషులు 29,000 మందికి పైగా పాల్గొన్న ప్రయోగపు ఫలితము 1994లో వెలువడెను. బీటా కెరోటిను మాత్ర తిన్నవారికి ఊపిరితిత్తుల కాన్సరు తగ్గకపోగా నూటికి 18 వంతులు పెరిగెను. అమెరికాలో ఇట్టి ప్రయోగమునే 1996లో మధ్యలో నిలిపివేయవలసి వచ్చెను. చుట్ట, బీడీ త్రాగు అలవాటు ఉండి, ఊపిరితిత్తులకు మంచిదని ఇట్టి బిళ్ళలు కొనువారు ఈ సంగతి తప్పక తెలిసికొనవలెను. కారెట్టు, మునగాకు, బొప్పాయి తినుటకు ఈ భయము లేదు. ఆపద మాత్రలోని పెద్ద మోతాదుతోనే.

విటమిను 'ఇ' కథయు ఇంతే. గుండె జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారికి సంవత్సరముల తరబడి ఇచ్చి చూడగా గుండెపోటు తగ్గలేదని 2000లో తేలెను. అమెరికాలో 25,871 మందిపై జరిగి 2018లో వెలువడిన ప్రయోగమున విటమిను 'డి'గాని, రోజుకు ఒక గ్రాము చేపనూనెగాని గుండెపోటు, పక్షవాతము వంటివాటి మొత్తమును చెప్పుకొనదగినంతగా తగ్గింపలేదు. మాంసకృత్తుల పొడుల విషయమున హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో, కండబలము కొరకు వాటిని వాడవద్దనియే చెప్పిరి.

చేపనూనె గూర్చి ఒక మాట అదనముగా చెప్పవలెను. రక్తములో ట్రైగ్లిసరైడ్లు అను కొవ్వు మిక్కిలిగా ఉన్న కొందరు రోగులకు, శుద్ధి చేసిన ఒక విధమైన చేపనూనె సారమును రోజుకు 4 గ్రాములు ఇచ్చినప్పుడు మేలు కలిగినట్లు 2018లోనే మరియొక ప్రయోగమున కనబడెను. అది వైద్యుడు వ్రాసి ఇచ్చు మందు. అంగటిలో ఎవరికి వారు కొను గొట్టము కాదు. అందునను గుండె లయ తప్పు జబ్బు కొందరిలో పెరిగెను.

అసలు నష్టము

ఇటీవల ఒక గ్రామమున శిక్షణ తరగతి ముగిసిన పిదప ఒక పెద్దాయన సంచిలోనుండి మూడు సీసాలు తీసి చూపెను. మూడింటికి కలిపి నెలకు 2,800 రూపాయలట. ఉపకేంద్రమున ఊరక వచ్చు రక్తపు పోటు మాత్ర మానివేసి మూడు నెలలైనది. "ఒంటికి బలం వచ్చాక ఇంక జబ్బెందుకు ఉంటుంది సార్?" అని ఆయన అడిగెను. అక్కడనే ఉన్న ఆరోగ్య కార్యకర్తచే కొలిపించగా పై అంకె 180 దాటి ఉండెను.

డబ్బు వ్యర్థమగుట చిన్న నష్టము. దానిని నమ్మి అసలు మందు మానుట ప్రాణమునకు ముప్పు. రక్తపు పోటు నొప్పి పెట్టదు. పెరిగినట్లు చాలమందికి తెలియనే తెలియదు. పురుగు కనబడలేదని కాండమును కోసి చూడని రైతుకు వెన్ను తెల్లబడిన తరువాతగాని సంగతి తెలియదు గదా! పోటు, చక్కెర, కొవ్వులకు వైద్యుడిచ్చిన మాత్రలను వైద్యుడు చెప్పినప్పుడే మానవలెను. ఛాతీలో బరువు, నొప్పి, చెమటలు పట్టుట, ఎడమ చేతికిగాని దవడకుగాని నొప్పి ప్రాకుట కనబడినచో ఏ పొడియు, ఏ కషాయమును త్రాగుచు కూర్చుండక 108కి ఫోను చేయవలెను.

మోతాదు మించుటవలన వచ్చు కీడు కూడ కలదు. విటమిను 'డి' 60,000 యూనిట్ల పొట్లమును వారమునకు ఒకటి చొప్పున కొన్ని వారములు మాత్రమే వైద్యులు వ్రాయుదురు. కాళ్ళ నొప్పులు తగ్గినవని నెలల తరబడి తామే కొని త్రాగినచో రక్తములో సున్నము పెరిగి మూత్రపిండములు చెడును. చేనిలో భాస్వరము అతిగా వేసినచో జింకు అందకపోవునట్లే, మనిషి జింకు బిళ్ళలు అతిగా మ్రింగినచో రాగి ఒంటికి పట్టక రక్తము తగ్గును. గుండె కవాటములు మార్పించుకొని రక్తము పలుచబడు మందు వాడువారు వైద్యుని అడుగక ఏ క్రొత్త మాత్రయు, మూలికయు ముట్టరాదు.

చేర్చుటకంటె తగ్గించుట

గుండె విషయమున ఖర్చు లేక ఫలితము నిచ్చునది ఉప్పు తగ్గించుట. పెద్దవారికి రోజుకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కూరలోని ఉప్పే కాదు, ఆవకాయ, అప్పడము, వడియము, కారప్పొడి, ఎండుచేప అన్నియు ఈ లెక్కలోనివే. ఎండలో చెమటోడ్చువారికి ఉప్పు పోవును గదా అని రైతులు అడుగుదురు. పోవుట నిజమే. కాని మన భోజనమున సామాన్యముగా ఉండు ఉప్పు ఆ లోటును తీర్చును. వారికి ముఖ్యముగా కావలసినది నీరు, పలుచని మజ్జిగ.

చైనా దేశమున 600 పల్లెలలో అయిదేండ్లపాటు జరిగిన ఒక ప్రయోగపు ఫలితము 2021లో వచ్చెను. పూర్వము పక్షవాతము వచ్చినవారికి, రక్తపు పోటు ఉన్న వృద్ధులకు సగము పల్లెలలో మామూలు ఉప్పుకు బదులు, మూడు వంతులు ఉప్పు, ఒక వంతు పొటాషియం క్లోరైడు కలిపినది ఇచ్చిరి. పక్షవాతము నూటికి 14 వంతులు, మరణములు నూటికి 12 వంతులు తగ్గెను. ఈ పొటాషియం క్లోరైడు మనము చేలకు వేయు మ్యూరేట్ ఆఫ్ పొటాషులోని పదార్థమే. అట్లని ఎరువు బస్తాలోనిది తినుట ప్రమాదము. తిండికి తగినట్లు శుద్ధి చేసి అమ్మునది వేరు. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు, కొన్ని రకముల పోటు మాత్రలు వాడువారు ఈ ఉప్పును వాడరాదు; పొటాషియము పెరిగి గుండె ఆగు ప్రమాదము కలదు. ఇంట అందరికీ ఒకే కుండలో వంట గనుక, ఒక్కరికి ఈ జబ్బు ఉన్నను వైద్యుని అడుగనిదే తేరాదు.

చేప, అవిసె

చేపనూనె సీసాకు బదులు చేపనే తినుట మేలు. తీరపు జిల్లాలలో కానగుర్త (కానాగంత అనియు అందురు) చవకగా దొరకు కొవ్వు చేప. దాని శాస్త్రీయ నామములో నిలిచినది మన తెలుగు పేరే. వారమునకు రెండు సార్లు పులుసుగ వండుకొనవచ్చును. నూనెలో వేపుట, ఉప్పులో ఎండబెట్టుట వలదు.

చేప తిననివారికి నూనె అవిసెలు ఉన్నవి. ఇవి అవిసె చెట్టు గింజలు కావు. నీలి పూలు పూయు చిన్న పైరు గింజలు. వీటి నూనెలో సగమునకు పైగా చేపనూనె జాతికి చెందిన కొవ్వే ఉండును. అయితే అది ఒంటిలో చేపనూనెగా మారునది స్వల్పము. కాబట్టి అమ్మువారు చెప్పునంత మహిమ లేదు. పీచు మాత్రము సమృద్ధిగా ఉండుటచే విరేచనము సాఫీగా సాగును, కొవ్వు కొంత తగ్గును. గింజను అట్లే మ్రింగినచో అరగక వెడలిపోవును. దోరగా వేయించి, ఎండుమిరప, జీలకర్ర, వెల్లుల్లి చేర్చి, ఉప్పు నామమాత్రముగ వేసి పొడి కొట్టుకొని రోజుకు రెండు చెంచాలు, అనగా సుమారు 10 గ్రాములు, అన్నములోగాని జొన్నరొట్టెతోగాని తినవచ్చును. పొడి వారము రోజులకు సరిపడునంత మాత్రమే చేసికొనవలెను. నిలవయున్నచో ముక్కవాసన పట్టును.

నలుగురు ఉన్న ఇంటికి ఈ లెక్కన ఏడాదికి 15 కిలోల గింజ కావలెను. తేమ నిలుచు నల్లరేగడిలో రబీలో ఎకరాకు 3 క్వింటాళ్ళు పండినను అయిదు సెంట్లు చాలును. అక్టోబరులో గాని, నవంబరు మొదట గాని వరుసల మధ్య 30 సెంటీమీటర్ల ఎడముతో విత్తవలెను. ఎకరాకు 10 నుండి 12 కిలోల విత్తనము పట్టును గనుక అయిదు సెంట్లకు అరకిలో మొదలు 600 గ్రాములు సరిపోవును. సెనగ చేని అంచున నాలుగు సాళ్ళు వేసికొన్నను సరియే.