జైపూర్ కాలు గట్టు మీదనే

బెజ్జంకి

చిట్టి బిడ్డా,

అందరి ముందు జైపూర్ కాలు విప్పి నీళ్ల దాకా కుంటుకుంటూ పోవాలంటే సిగ్గయితుంది పెద్దబాపూ, పెట్టుకునే ఈదనిస్తారా అని అడిగినవు. ఈదనియ్యరు. పోటీ ఈతలో కృత్రిమ కాలు, చెయ్యి ఏదీ ఒంటి మీద ఉండొద్దు. దిమ్మె మీద నిలబడలేనోళ్లు కూర్చుని దూకొచ్చు, నీళ్లలో నుంచే మొదలుపెట్టొచ్చు. ఇది మీ కోచ్‌ను అడగక, బాయిలో ఈత నేర్చిన ముసలోణ్ణి నన్ను అడుగుతవా?

మురళీకాంత్ పేట్కర్ గురించి నీకెప్పుడన్నా చెప్పిననా? మహారాష్ట్ర ఆయనే గానీ, సైన్యంలో మరమ్మతుల విభాగం ఈఎంఈ జవానుగా మన సికింద్రాబాదులో బాక్సింగ్ చేసినోడు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి ఆ ఆట పోయింది. 1968లో టెల్ అవీవ్ పారాలింపిక్స్‌లో టేబుల్ టెన్నిస్ ఆడిండు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ 37.33 సెకన్లలో ఈదిండు. పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి బంగారు పతకం. పద్మశ్రీ ఎప్పుడిచ్చిండ్రో తెలుసా? 2018లో. నిన్ను నలుగురు చూస్తారని నీకు భయం. ఆయన దిక్కు చూసేటందుకు దేశానికి 46 ఏండ్లు పట్టింది.

ఫ్రీస్టైల్‌కు ఒక తరగతి, బ్రెస్ట్‌స్ట్రోక్‌కు ఇంకో తరగతి ఇచ్చిండ్రని ఏడ్చుడెందుకు? ఎస్ అంటే ఒక లెక్క, ఎస్‌బీ అంటే వేరే లెక్క. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాళ్ల తన్నుడే పెద్ద బలం. ఒంటికాలుతో అక్కడ నీకు ఎక్కువ పోతుంది కాబట్టి వేరేగా తూస్తారు. ఒంటిని పరీక్షించి, నీళ్లలో ఈదించి, పోటీలో కూడా చూసినంకనే తేలుస్తారు. అట్ల చూసేటప్పుడు దాచుకోకు, ఎక్కువ చేసి చూపకు.

తప్పంటే నాదే ఒకటుంది. మన మోట బాయిలో మిగతా పిల్లలకు ఒక్క ఎండకాలమే నడుముకు సొరకాయ బుర్ర కట్టిన. నీకు రెండు ఎండకాలాలు కట్టిన. ఒక కాలు లేని పిల్ల మునుగుతదని నా గుండె దడ. నువ్వేమో ఈదుడు మాని బుర్రకు వేలాడుడు నేర్చినవు. ఒకనాడు మీ అన్న నాకు చెప్పకుండా తాడు విప్పిండు. నీళ్లు మింగినవు, దగ్గినవు, ఎడమకు ఒరిగినవు. ఒరిగిన ప్రతిసారీ కుడిచెయ్యి ఇంత దూరం చాపి, అవతలి మెట్టు పట్టుకున్నవు. నేను వాణ్ణి రెండు దెబ్బలు కొట్టిన. ఆ దెబ్బలు నాకు పడాల్సినవి, ఇప్పటికీ వానితో అనలేదు. మీ కోచ్ దిద్దుతున్నానంటున్న ఆ కుడిచెయ్యి చాపుడు ఆనాటిదే. దిద్దనియ్యి గానీ, పూర్తిగా పోనియ్యకు.

చెయ్యి మాటంటే, ఈతగాడు సుయశ్ జాధవ్‌కు రెండు ముంజేతులూ లేవు, 2018 ఆసియా పారా క్రీడల్లో బంగారం తెచ్చిండు. ఆయన వీడియోలో గెలుపు సంగతి వదిలెయ్, భుజాలు చూడు.

జాతరకు రా. వచ్చేముందు నీ 50 మీటర్ల టైము రాసి పంపు, ఎన్నో నంబరు వచ్చినవో నాకు అక్కరలేదు. బుర్ర ఇంకా అటక మీదనే ఉంది. మీ పెద్దమ్మ దాంట్లో బీర విత్తనాలు పోసి పెట్టింది.

మీ పెద్దబాపు