రెండవ అంకె విలువ

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి అనునవి తెలంగాణములోని మూడు శాసనసభా నియోజకవర్గములు. అచ్చటి పౌరులు రాష్ట్రపతి ఎన్నికలో స్వయముగా ఓటు వేయరు. వారు ఎన్నుకొనిన శాసనసభ్యులే వారి పక్షమున ఆ హక్కును వినియోగింతురు. రాష్ట్రపతిని ఎన్నుకొను అధికారము పార్లమెంటు ఉభయసభలకును, శాసనసభలకును ఎన్నికైన సభ్యులకు మాత్రమే గలదు.

శాసనసభ్యుని ఓటునకు జనసంఖ్యను బట్టి విలువ కట్టుదురు. 1971 జనాభా లెక్కలలోని తెలంగాణ ప్రాంతపు జనసంఖ్యను శాసనసభ్యుల సంఖ్యయగు 119 చేతను, పిమ్మట 1000 చేతను భాగింపగా ఇంచుమించు 132 వచ్చును. 2022 రాష్ట్రపతి ఎన్నికలో తెలంగాణ శాసనసభ్యుని ఓటు విలువ ఇదియే.

ఓటు వేయు పద్ధతియు విలక్షణమైనది. సభ్యుడు తనకు మిక్కిలి నచ్చిన అభ్యర్థి పేరున కెదురుగా 1 అనియు, తరువాతి వాని కెదురుగా 2 అనియు వ్రాయును. చెల్లిన ఓట్లలో సగమునకు మించి ఎవరికిని రానిచో, అందరికంటె తక్కువ ఓట్లు వచ్చిన వానిని తొలగించి, అతని ఓట్లను వానిపై గల తరువాతి అంకెను బట్టి మిగిలినవారికి పంచుదురు.

ఈ రెండవ అంకె యెంతటి బలము గలదో 1969లో దేశమునకు తెలిసివచ్చెను. ఆ యేడు మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుసేన్ మరణించెను. ఆగస్టులో జరిగిన ఎన్నికలో ప్రధానముగా ఇద్దరు తెలుగువారు తలపడిరి. అనంతపురము జిల్లా ఇల్లూరున జన్మించిన నీలం సంజీవరెడ్డి కాంగ్రెసు అభ్యర్థి. బరంపురమున జన్మించిన వి.వి. గిరి స్వతంత్ర అభ్యర్థి. చింతామణి దేశ్‌ముఖ్ మరియొక ప్రముఖ అభ్యర్థి. అప్పటికి భూపాలపల్లి నియోజకవర్గము ఏర్పడలేదు. జనగామ, మహబూబాబాదు నియోజకవర్గములు నాటి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఉండెను.

ప్రధానమంత్రి ఇందిరాగాంధీ సభ్యులను అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయుమని కోరెను. ఓటు రహస్యము. కాంగ్రెసు సభ్యులు పలువురు తమ పక్షపు అభ్యర్థిని విడిచి గిరి వైపు మొగ్గిరి.

తొలి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 ఓట్ల విలువ లభించెను. గెలుపునకు 4,18,169 కావలెను. గిరి ముందున్నను గెలువలేదు. ఇతరులను తొలగించి రెండవ అంకెలను లెక్కింపగా సంజీవరెడ్డికి 91,879 అదనముగా వచ్చెను. గిరికి వచ్చినవి 18,562 మాత్రమే. అయినను గిరి 4,20,077తో గెలిచెను. సంజీవరెడ్డి 4,05,427తో ఓడెను. ఆ సంజీవరెడ్డియే 1977లో పోటీ లేకుండ రాష్ట్రపతి ఆయెను.

రెండవ అంకెను ఉపేక్షతో వ్రాయు సభ్యుడు తన ఓటులో సగము పనిని విడిచినవాడగును. అతని చేతి కాగితము వెనుక ఒక నియోజకవర్గపు జనులందరు నిలిచియుందురు. కావున శాసనసభకు ప్రతినిధిని పంపునాడే పౌరుడు వివేకముతో మెలగవలెను. రాష్ట్రపతి ఎన్నికలో అతని భాగము ఆనాడే ఆరంభమగుచున్నది.