నెలసరిలో ముద్ద దిగడం లేదా?

ప్రశ్న: యాకుత్‌పురా నుంచి ఒక తల్లి అడుగుతున్నారు. పదిహేడేళ్ల కూతురు ఇంటర్ చదువుతోంది. నెలసరి వచ్చిందంటే మొదటి రెండు రోజులూ ఆ అమ్మాయికి అన్నం నోటికి సహించదు. చాయ్, రెండు బిస్కట్లతో పూట గడిపేసి, కాలేజీ మాని పడుకుంటుంది. ఈ మధ్య నెలసరి అయిపోయాక కూడా మెట్లెక్కితే ఆయాసపడుతోంది. ఇది మామూలేనా? టానిక్ పట్టిస్తే సరిపోతుందా?

జవాబు: మొదటి రెండు రోజుల అరుచి చాలామంది ఆడపిల్లలకు ఉండేదే. నెలసరి అయిపోయాక కూడా వదలని ఆయాసాన్ని మాత్రం మామూలని వదిలేయకూడదు. దానికి టానిక్ కంటే ముందు రక్తపరీక్ష కావాలి.

నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ హార్మోన్ పడిపోగానే గర్భాశయం లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరుగుతాయి. గర్భాశయం ముడుచుకుని ఆ పొరను బయటికి పంపేది వీటి వల్లే. కడుపునొప్పి అందుకే వస్తుంది. ఇవి పేగుల మీదా పనిచేయడంతో కొందరికి వికారం, విరేచనాలు, తలనొప్పి కలుగుతాయి. అలాంటప్పుడు ముద్ద దిగకపోవడంలో పిల్ల మొండితనమేమీ లేదు.

కంచం నిండా పెట్టి తినమని బలవంతం చేస్తే వికారం ఎక్కువవుతుంది. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం ఇవ్వాలి: పల్చటి రాగిజావ, మెత్తటి పెసరపప్పు ఖిచిడీ, పెరుగన్నం, అరటిపండు. అల్లం వేసిన గోరువెచ్చని నీళ్లు కొందరికి వికారాన్ని తగ్గిస్తాయి. పొత్తికడుపు మీద వేడినీళ్ల కాపడం హాయినిస్తుంది. మెఫనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలను డాక్టర్ని అడిగాకే, అదీ ఏదైనా తిన్నాకే వేయాలి. అల్సర్, ఆస్తమా ఉన్నవారికి ఇవి పడకపోవచ్చు.

ఇక ఆయాసం సంగతి. ఒక నెలసరిలో సాధారణంగా 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 80 దాటితే అధిక రక్తస్రావం. ఒక్కో మిల్లీలీటరుతో సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ పోతుంది. అంటే 40 మిల్లీలీటర్లకు 20 మిల్లీగ్రాములు. తిండిలోని ఐరన్‌లో ఒంటికి పట్టేది కొద్ది భాగమే కాబట్టి, వయసొచ్చిన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు అందాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కకట్టింది. చాయ్ బిస్కట్లతో ఆ లోటు పూడదు.

పైగా చాయ్‌లోని టానిన్లు తిండిలో ఉన్న ఐరన్‌ను పట్టేసి ఒంటికి అందనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్ తాగకపోవడం మంచిది. ఉదయం ఖిచిడీ, ఖీమా తినే ఇంట్లో ఆ వెంటనే వచ్చే చాయ్ కప్పును గంట వెనక్కి జరిపినా మేలే. మాంసం, కలేజీలోని ఐరన్ తేలిగ్గా ఒంటపడుతుంది. ఆకుకూరలు, పప్పులు, నువ్వులు తినేవారు వాటితోపాటు నిమ్మరసమో, జామకాయో, ఉసిరికాయో తీసుకుంటే వాటిలోని విటమిన్ సి వల్ల ఐరన్ బాగా అందుతుంది.

ఈ లోటు ఒక్క ఇంటిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది.

ప్రశ్న: రంజాన్‌లో నెలసరి వస్తే ఇంట్లో మగవాళ్ల ముందు తినలేక పగలంతా పస్తుంటున్నానని మరొక యువతి రాశారు.

జవాబు: నెలసరి రోజుల్లో ఉపవాసం నుంచి స్త్రీలకు మినహాయింపు ఉంది. తర్వాత ఆ రోజాలు తీర్చుకుంటారు. అయినా మొహమాటంతో నీళ్లు కూడా తాగకపోతే తలనొప్పి, కళ్లు తిరగడం ఎక్కువవుతాయి. ఇంట్లో పెద్దావిడ చొరవ తీసుకుని వంటింట్లోనో, లోపలి గదిలోనో ఆ అమ్మాయికి భోజనం, నీళ్లు పెట్టాలి. కొన్ని తెలుగు ఇళ్లలో 'బయట చేరింది' అని దూరంగా కూర్చోబెట్టినప్పుడూ ఇదే వర్తిస్తుంది. విస్తరిలో పప్పు, కూర తగ్గకూడదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, పది రూపాయల నాణెం కంటే పెద్ద గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటినా ఆలస్యం చేయొద్దు. రజస్వల అయినప్పటి నుంచీ ఎక్కువగా పోతుంటే రక్తం గడ్డకట్టే గుణంలో లోపం ఉందేమో కూడా చూస్తారు. స్పృహ తప్పినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

యాకుత్‌పురా అమ్మాయికి ముందుగా హిమోగ్లోబిన్ చూడాలి. 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనతే. 12 ఉన్నా నీరసం తగ్గకపోతే ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు అవసరమవుతాయి. ఐరన్ మాత్రలతో మలం నల్లగా వస్తే భయపడి మానేయొద్దు. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా నిల్వలు నిండడానికి సుమారు మూడు నెలలు వాడాల్సి ఉంటుంది. బస్తీ దవాఖానాలో డాక్టర్ని చూపించుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఆ తల్లి కూతుర్ని ఈ వారమే తీసుకెళ్లాలి.