హార్సిలీ కొండ మీద పాత బంగళా బస

ప్రశ్న: అమ్మానాన్నలతో హార్సిలీ హిల్స్‌లో రెండు రోజులుండాలని ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. దొరల కాలం నాటి బంగళాలో దిగాలా, కొత్త గదుల్లోనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నా ఓటు పాత బంగళాకే, గది దొరికితే. ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచే ఆ చోట 1870 ప్రాంతంలో కడప కలెక్టర్ డబ్ల్యూ.డి. హార్సిలీ వేసవికి ఇల్లు కట్టుకున్నాడు. కొండ ఎత్తు నాలుగు వేల అడుగులు దాటుతుంది. ఆ కాలపు ఇళ్లలో ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, వెడల్పు వసారా ఉంటాయి కాబట్టి ఎండాకాలంలో ఏసీ గుర్తుకే రాదు. వానలు పట్టాక అవే గోడలు చెమ్మెక్కుతాయి, తలుపులు ఉబ్బి బిగుసుకుంటాయి. దాన్ని ఓర్చుకోలేనివాళ్లు కొత్త గదులే తీసుకోవడం మంచిది.

అమ్మగారి కోసం డబ్బు కట్టకముందే ఫోన్ చేసి, మెట్లెన్ని, వెస్ట్రన్ టాయిలెట్ ఉందా, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో అడగండి. శని, ఆదివారాలు వద్దు, బెంగళూరు కార్లతో కొండ కిక్కిరిసిపోతుంది. కిటికీలు తెరిచి బయటికి పోకండి, కోతులు టిఫిన్ పొట్లాలను వదలవు.