అతి శీతలంలో మిశ్రమ పదార్థాలు

వేడికి పదార్థాలు చెడిపోతాయని మనందరికీ తెలుసు. మరి చలికి?

ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. దాన్ని నింపే రాకెట్ ట్యాంకును అల్యూమినియంకు బదులు కార్బన్ ఫైబర్ మిశ్రమ పదార్థంతో చేస్తే బరువు బాగా తగ్గుతుంది. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది.

మిశ్రమ పదార్థమంటే రెండు వేర్వేరు స్వభావాల కాపురం. ఎపాక్సీ రెజిన్‌ను గది ఉష్ణోగ్రత నుంచి నూరు డిగ్రీలు చల్లబరిస్తే మీటరుకు నాలుగైదు మిల్లీమీటర్లు సంకోచిస్తుంది. కార్బన్ నార మాత్రం తన పొడవు వెంట దాదాపు కదలదు. ఇలాంటి పదార్థాన్ని సుమారు 180 డిగ్రీల వద్ద గట్టిపరుస్తారు. అక్కడి నుంచి ద్రవ హైడ్రోజన్ చలికి దిగడమంటే 430 డిగ్రీలకు పైగా దిగడమన్నమాట! రెజిన్ కుంచించుకుపోదామంటుంది, నార ఒప్పుకోదు. పొరలను నిలువుగా, అడ్డంగా పేరుస్తారు కనుక ఒక పొరను పక్క పొర నారలు బిగించి పట్టుకుంటాయి. పైగా ఆ చలిలో రెజిన్ పెళుసుబారుతుంది. ఎండిన చెరువులో మట్టి నెర్రెలు విచ్చినట్లు, పొరల్లో నారల వెంబడి కంటికానని పగుళ్లు ఏర్పడతాయి. నారల బలం పెద్దగా తగ్గదు. ట్యాంకు బరువు మోస్తుంది, కాని వాయువును ఆపలేదు.

అమెరికాలో ఎక్స్-33 అనే ప్రయోగ వాహనానికి చేసిన ట్యాంకు ఇందుకు ఉదాహరణ. దాని గోడ రెండు పలుచని మిశ్రమ పొరలు, నడుమ తేనెపట్టు వంటి గదులు. 1999 నవంబరులో దాన్ని ద్రవ హైడ్రోజన్‌తో నింపి, భారం మోపి పరీక్షించారు. తట్టుకున్నది. ఖాళీ చేసిన తరువాత వెచ్చబడుతుండగా పై పొర ఊడివచ్చింది! లోపలి పొర పగుళ్ల గుండా హైడ్రోజన్, బయటి నుంచి నైట్రోజన్ ఆ గదుల్లోకి చేరాయి. ద్రవ నైట్రోజన్ గది ఉష్ణోగ్రతకు వస్తే సుమారు 700 రెట్లు వ్యాకోచిస్తుంది. వెచ్చబడేకొద్దీ వాయువులు బయటపడే దారిలేక పీడనం పెరిగింది. అతుకు బలం కూడా ఉండవలసినంత లేదు. 2001లో ఆ పథకమే ఆగిపోయింది.

అంతటితో ఇంజనీర్లు ఊరుకోలేదు. పొర ఎంత పలుచనైతే పగులు పుట్టడం అంత కష్టం. పలుచని పొరలు కూడా కలిపి చేసిన 5.5 మీటర్ల వ్యాసం గల ట్యాంకును 2014లో నాసా ద్రవ హైడ్రోజన్‌తో జయప్రదంగా పరీక్షించింది.

మన లాబరేటరీలో ముక్కను గది ఉష్ణోగ్రతలో లాగి, తెగిన చోట అంకె రాసుకుంటాం. అతి శీతలంలో ఆ అంకె ఒక్కటే చాలదు. ఎంత బలమున్నదని అడిగినట్లే, కారుతుందా అనీ, మళ్ళీ వెచ్చబడితే ఏమవుతుందనీ అడగాలి.